విద్యుత్తునకు తిరుగుదారి



నేటి నా ప్రసంగమునకు విషయము, ప్రతి యింటను ఉండియు ఎవ్వరును తెఱచి చూడని యొక చిన్న పలక. మీ చేతిలోని సెల్‌ఫోను, వైద్యుడు రక్తపోటు చూచు యంత్రము, పచారి కొట్టులోని తూకపు యంత్రము, ఈ నా మాటలను మీకు వినిపించుచున్న రేడియో, వీనిలో దేనిని విప్పినను లోపల ఆకుపచ్చని పలక యొకటి కనబడును. దానిపై నల్లని చిప్పులును, వానిని కలుపుచు సన్నని రాగిదారులును ఉండును. దీనినే సర్క్యూటు బోర్డందురు. ఆ రాగిదారులను గీయుట యొక విద్య. ఆ విద్యలో మిక్కిలి తగవులు పుట్టించిన మాట యొకటి కలదు. అది ‘గ్రౌండు’ అను మాట. ఆ మాటకు అర్థ మేమి, దానిని తప్పుగా గ్రహించినచో కలుగు నష్ట మేమి, సరిగా గ్రహించినచో బోర్డులోని రొద యెట్లు అణగును, ఈ మూడు సంగతులను మనవి చేసెదను.

భాషాపండితునకు ఈ గొడవ యేల యని మీరు అడుగవచ్చును. నేను పాఠశాలలో చెప్పినవి తెలుగు సంస్కృతములే. అయినను మాటకును అర్థమునకును గల సంబంధమును విచారించుటయే మా శాస్త్రముల పని; ఇచ్చట కలిగిన చిక్కు చాలవఱకు అర్థనిర్ణయమునకు సంబంధించినదే. నా పూర్వశిష్యులలో కొందఱు ఈ వృత్తి చేపట్టిరి. వారివలనను, వారు తెచ్చి యిచ్చిన గ్రంథములవలనను విశ్రాంతికాలమున నేను గ్రహించినదానిని చెప్పుచున్నాను.

ముందుగా ఈ పలకపై కాపురముండు రెండు తెగల సంకేతములను గూర్చి చెప్పవలెను. మొదటి తెగ అనలాగు సంకేతములు. ఇవి లోకములోని వస్తువు ఎట్లు హెచ్చినచో అట్లు హెచ్చుచు, ఎట్లు తగ్గినచో అట్లు తగ్గుచు నుండును. తంబురా శ్రుతివలె వీనికి వెంట్రుకవాసి తేడా కూడ తేడాయే. రెండవ తెగ డిజిటల్ సంకేతములు. ఇవి ఔను, కాదు అను రెండు మాటలే యెఱుగును. ఊరిలో దండోరా వేసినారా లేదా యని అడుగువానికి ఆ డప్పు శ్రుతిలో నున్నదా యను విచారము లేదు గదా!

ఈ భేదమును అంకెలతో చూడుడు. 5 వోల్టులపై పనిచేయు టీ.టీ.ఎల్. అను డిజిటల్ చిప్పుల జాతిలో, పంపు చిప్పు ఔననుటకు 2.4 వోల్టులకు తగ్గకుండ పంపవలెను. అందుకొను చిప్పు 2 వోల్టులున్నను ఔననియే గ్రహించును. కాదనుటకు పంపునది 0.4 వోల్టును మించరాదు, అందుకొనునది 0.8 వోల్టువఱకు కాదనియే గ్రహించును. అనగా నడుమ 0.4 వోల్టు రొద కలిసినను భావము చెడదు.

ఇక అనలాగు సంగతి. పది కిలోలవఱకు తూచు యంత్రము నొకదానిని తీసికొందము. పళ్లెము క్రింద లోడ్‌సెల్ అను లోహపుదిమ్మ యుండును. బరువు పడగా అది కంటికి కానరానంత వంగును. దానికి అంటించిన సన్నని తీగల నిరోధము ఆ మేరకు మాఱును. దానికి 5 వోల్టులిచ్చినచో, సాధారణముగ దొరకు రకము, పూర్తి పదికిలోల బరువునకు 10 మిల్లీవోల్టులు మాత్రమే తిరిగి యిచ్చును. అనగా గ్రామునకు ఒక్క మైక్రోవోల్టు, వోల్టులో పదిలక్షలవ వంతు! దీనిని ఆంప్లిఫయరు 100 రెట్లు పెంచి, అనలాగును అంకెలుగా మార్చు కన్వర్టరు అను చిప్పునకు అందించు ననుకొందము. అప్పుడు గ్రామునకు 100 మైక్రోవోల్టులగును. డిజిటల్ చిప్పు లక్ష్యపెట్టని ఆ 0.4 వోల్టు రొద కన్వర్టరు వాకిట చేరినచో ఎంతటిదగునో గణింపుడు: నాలుగు కిలోలు! ఒకరికి చెవిన సోకని చప్పుడు మఱొకరికి పిడుగుపాటు. ఈ ఇద్దఱిని నాలుగంగుళముల పలకపై ఒక్క కప్పు క్రింద కాపురముంచుటయే మిశ్రసంకేతముల బోర్డును గీయువాని బాధ్యత.

ఇప్పుడు ‘గ్రౌండు’ అను మాటను విచారింతము. అలంకారశాస్త్రము చదివినవారు ‘గంగలో పల్లె’ అను ఉదాహరణము నెఱుగుదురు. నీటిలో పల్లె యుండుట పొసగదు గనుక, గంగ యొడ్డున పల్లె యని చెప్పుకొందుము. ముఖ్యార్థము పొసగనిచోట దాని సంబంధము గల వేఱొక యర్థమును గ్రహించుటకు లక్షణ యని పేరు. ఇంగ్లీషున గ్రౌండనగా నేల. కాని ఆకాశమున విహరించు విమానములోని బోర్డునకును గ్రౌండు కలదు. భూమిచుట్టు తిరుగు ఉపగ్రహములోని బోర్డునకును కలదు. అచ్చట నేల యెక్కడిది? కావున బోర్డు విషయమున ఈ మాటకు లక్షణచే వేఱొక యర్థమును చెప్పుకొనవలసినదే.

ఆ పేరు వచ్చిన విధము కూడ తెలియదగినదే. మొదట టెలిగ్రాఫునకు రెండు తీగలు కావలసివచ్చెడిది. ఒకటి విద్యుత్తు పోవుటకు, ఒకటి తిరిగి వచ్చుటకు. 1838లో జర్మనీదేశమున స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు న్యూరెంబర్గు, ఫ్యూర్తు పట్టణముల నడుమ రైలుపట్టాలనే తీగలుగా వాడజూచి, నేలయే విద్యుత్తును తిరిగి తెచ్చుచున్నదని కనుగొనెను. ఒక తీగ ఖర్చు తప్పినది. నేలకు అట్లు తిరుగుదారి యను అర్థము కలిగినది. పిమ్మట వచ్చిన టెలిఫోనునకును చాలచోట్ల ఒంటితీగయే వేసిరి. అయితే ఆ నేల యొక్కరి సొత్తు కాదు గదా! 1888లో అమెరికాలోని రిచ్మండు నగరమున విద్యుత్ ట్రాములు జయప్రదముగ నడచిన పిమ్మట అవి ఊరూర వ్యాపించినవి. ఆ ట్రాముల విద్యుత్తు పట్టాలగుండ, నేలగుండ తిరిగిపోవుచు టెలిఫోను తీగలలో దూఱి చెవులు గింగురుమనిపించినది. తుదకు టెలిఫోనునకు రెండవ తీగను వేసి, దాని తిరుగుదారిని దానికి ప్రత్యేకించుటయే మందైనది. ఆ రెండు తీగలను పురివేసినట్లు మెలిపెట్టు నుపాయమునకు టెలిఫోనును కనిపెట్టిన బెల్ మహాశయుడు 1881లోనే పేటెంటు పొందియుండెను.

ఈ చరిత్రయందే మన విషయమంతయు ఇమిడియున్నది. విద్యుత్తు ఎచ్చటను ఆగిపోవునది కాదు. 1845లో కిర్హాఫ్ చెప్పిన నియమము ప్రకారము, ఒక కూడలిలోనికి ఎంత విద్యుత్తు వచ్చునో అంతయు వెలుపలికి పోవలెను. బయలుదేరిన ప్రతి ప్రవాహమును తన జన్మస్థానమునకు తిరిగి చేరవలసినదే. గ్రౌండనగా విద్యుత్తును పారబోయు గుంట కాదు, అది తిరుగుదారి. పోవుదారిని శ్రద్ధతో గీసి, తిరుగుదారిని గ్రౌండే చూచుకొనునని విడిచిపెట్టుటయే బోర్డులలోని రొదలో పెద్దపాలునకు మూలము.

దీనికి నిదర్శనముగ నా శిష్యుడొకడు చేసిన తూకపు యంత్రముయొక్క మూడు బోర్డుల కథ చెప్పెదను. రేడియోలో పటము చూపుటకు వీలులేదు గనుక, మీరే మనస్సున గీసికొనుడు.

మొదటి బోర్డున ఆంప్లిఫయరు ఒక కొనను, కన్వర్టరు మఱొక కొనను ఉన్నవి. రెంటి నడుమ గ్రౌండుగా ఒక రాగిదారి. పొడవు 25 మిల్లీమీటర్లు, వెడల్పు పావు మిల్లీమీటరు, మందము 35 మైక్రాన్లు. దాని నిరోధము సుమారు 50 మిల్లీఓములు. ఓములో ఇరువదియవ వంతు నిరోధము నిరోధమా యని మన మనుకొందుము. కాని బరువు చూపు ఎఱ్ఱని అంకెల విద్యుత్తు కూడ ఆ దారినే తిరిగి వచ్చుచుండెను. ఆ అంకెలు ఏడు వెలుగుగీతలతో ఏర్పడును. ఒకటి యను అంకెకు రెండు గీతలు వెలిగిన చాలును. ఎనిమిదికి ఏడును వెలుగవలెను. గీతకు 5 మిల్లీయాంపియర్ల చొప్పున, ఒకటి ఎనిమిదిగా మాఱినప్పుడు 25 మిల్లీయాంపియర్లు హెచ్చును. 1827లో ఓము చెప్పిన సూత్రమున గుణింపుడు: 25 మిల్లీయాంపియర్లు, 50 మిల్లీఓములు, వెరసి 1.25 మిల్లీవోల్టులు. మన యంత్రమున గ్రామునకు 100 మైక్రోవోల్టులు గదా. కావున పన్నెండున్నర గ్రాముల తప్పు! అంకె మాఱగానే గీతలు మాఱును. గీతలు మాఱగానే ప్రవాహము మాఱును. ప్రవాహము మాఱగానే మఱల అంకె మాఱును. పళ్లెములో వస్తువు కదలకయే యున్నది. యంత్రము తన మాటను తానే విని తడబడుచున్నది.

అనేక పర్యాయములు కొలిచి సగటు తీసినచో రొద పోవునని కొందఱందురు. ఇటునటు సమానముగ ఊగు రొదకు అది మంచి మందే. సెకనులో పదవవంతు కాలము కొలిచినచో, సెకనునకు 50 పర్యాయములు ఊగు మన యింటి కరెంటు ఆ కాలమున సరిగా 5 మాఱులు తిరుగును. 60 పర్యాయములు ఊగు దేశములలో 6 మాఱులు తిరుగును. ఎక్కుదలయు తగ్గుదలయు చెల్లుకు చెల్లగును. కాని అంకెల విద్యుత్తు వలన కలుగు తప్పు ఎల్లప్పుడు ఒక్క ప్రక్కకే మొగ్గును. అబద్ధమును నూఱుమాఱులు విని సగటు తీసినను అది నిజము కాదు. దారిని దిద్దుటయే దానికి చికిత్స.

ఇంతవఱకు చెప్పినది మెల్లగా మాఱు ప్రవాహముల కథ. వేగముగా మాఱువాని కథ వేఱు. మాఱుచున్న ప్రవాహము తన మార్పును తానే యెదిరించును. ఈ గుణమునకు ఇండక్టెన్సని పేరు. మనము చెప్పుకొన్న 25 మిల్లీమీటర్ల దారికి అది సుమారు 20 నానోహెన్రీలుండును. డిజిటల్ చిప్పు ఒకటి రెండు నానోసెకండులలో, అనగా సెకనులో నూఱుకోట్ల వంతులు రెండింటిలో, 50 మిల్లీయాంపియర్లను ఎక్కించిన దనుకొనుడు. అప్పుడు ఆ చిన్న దారికొనల నడుమ అర వోల్టు పుట్టును! నిరోధము వలన పుట్టినది మిల్లీవోల్టు. వేగము వలన పుట్టినది దానికి కొన్నివందల రెట్లు. కావుననే గడియారపు వేగము తక్కువైనను, అంచులు నిటారుగ లేచు చిప్పు రొదచేయును. సెకనునకు ఎన్నిమాఱులు తట్టినది కాదు, ఎంత వేగముగ తట్టినది యనుట ముఖ్యము.

దీనికి పరిహారముగ గ్రౌండును సన్నని దారిగా కాక, బోర్డు వైశాల్యమంతయు పఱచిన రాగిరేకుగా ఏర్పఱతురు. నాలుగు పొరల బోర్డున రెండవ పొరను ఇందుకై విడుతురు. ఆ రేకు నిరోధము చదరమునకు అర మిల్లీఓము మాత్రమే. ఆ చదరము చిన్నదైనను పెద్దదైనను అంతే. నిరోధముకన్న ముఖ్యమైన లాభము మఱొకటి యున్నది. రేకులో తిరుగు ప్రవాహము ఏదారిని పోవునని మీ ఊహ? మెల్లని ప్రవాహము నిరోధము తక్కువైన అడ్డదారిని వెదకికొని, రేకంతట వ్యాపించి పోవును. వడిగల ప్రవాహము అట్లు పోదు. అది తన పోవుదారి క్రిందనే, నీడవలె అంటిపెట్టుకొని తిరిగివచ్చును. ఏలయన పోవుదారికిని తిరుగుదారికిని నడుమ చుట్టు ఎంత చిన్నదైన ఇండక్టెన్సు అంత తక్కువ. పోవుదారికిని రేకునకును గల ఎడమెంతయో, దానికి మూడింతల దూరము ఇటును అటును కొలిచినచో, తిరుగు ప్రవాహములో నూటికి ఇంచుమించు ఎనుబది పాళ్లు ఆ పరిధిలోనే యుండును. ఎడము 0.2 మిల్లీమీటరైనచో ఇరుప్రక్కల 0.6 మిల్లీమీటరు మాత్రమే! అనగా డిజిటల్ ప్రవాహములకు స్వభావముచేతనే ఇరుగుపొరుగు గొడవ లేదు. వాని దారి క్రింద రేకు అవిచ్ఛిన్నముగ నున్నచో అవి తమ జాడ విడువవు.

ఈ తత్త్వము తెలియకపోవుటచే ఎందఱో నేటికిని ఒక పాత సలహాను పాటించుచున్నారు. అనలాగు గ్రౌండొకటి, డిజిటల్ గ్రౌండొకటి యని రేకును నడుమకు చీల్చి, ఒక్కచోట మాత్రము సన్నని వంతెనతో కలుపుమని ఆ సలహా. రొద ఆవలియొడ్డున ఉండిపోవునని దాని యాశయము. నా శిష్యుని రెండవ బోర్డు అట్టిదే. అంకెల వలన వచ్చెడి పన్నెండు గ్రాముల తప్పు పోయినది గాని, చివరి అంకె మాత్రము నిలువలేదు. పైగా ప్రక్కనున్న రేడియో బరబరలాడసాగెను. కారణమేమి? కన్వర్టరునుండి ప్రాసెసరునకు పోవు అంకెల దారులు వంతెనకు దూరముగ చీలికమీదుగ దాటుచుండెను. పైని పోవువాడు చీలికను దాటినాడు. క్రింద నీడవలె రావలసిన తిరుగు ప్రవాహము దాటలేక, వంతెనవఱకు చుట్టుతిరిగి రావలసివచ్చెను. ఆ చుట్టు పెద్దదై ఏరియలువలె పనిచేసినది. ఏరియలు పంపునదియు నగును, అందుకొనునదియు నగును. రొదను ఆపుటకు త్రవ్విన కందకమే రొదకు పుట్టినిల్లైనది.

బెల్ ప్రయోగశాలలలో పనిచేసి, రొదను అణచు విద్యయందు గ్రంథములు వ్రాసిన హెన్రీ ఆట్ అను అమెరికా ఇంజనీరు 2001లో ఈ విషయముననే యొక వ్యాసము ప్రకటించెను. దాని సారాంశము ఇది: చీల్చవలసినది గ్రౌండును గాదు, వేఱుచేయవలసినవి భాగముల స్థానములు, పాటింపవలసినది దారుల క్రమశిక్షణ. గ్రౌండు మాత్రము ఏకఖండముగ నుండవలెను.

మన యింటి పోలికతో చెప్పెదను. ఇంటిలో వంటయిల్లును దేవుని గదియు ఉండును. వంటింటి పొగయు చప్పుడును దేవుని గదికి తగులరాదని యింటి నేలను నడుమకు కోయుదుమా? కోయము. వంటయిల్లు ఒక మూలను, దేవుని గది మఱొక మూలను పెట్టుకొందుము. వంటింటికి పోవువారు దేవుని గదిగుండ నడువకుండ చూచుకొందుము. నేల యొక్కటే, నడక మాత్రము వేఱు. బోర్డునందును అంతే. లోడ్‌సెల్ తీగలు వచ్చు కొనలును ఆంప్లిఫయరును ఒక మూలను ఉండవలెను. ప్రాసెసరు, వెలుగు అంకెలు, గడియారపు స్ఫటికము దూరపు మూలను ఉండవలెను. కన్వర్టరు రెంటికిని సరిహద్దున నిలువవలెను. అంకెల దారి యొక్కటియు అనలాగు మేరలో అడుగు పెట్టరాదు. దారి ఒక పొరనుండి వేఱొక పొరకు దిగినచో, దాని నీడ కూడ దిగుటకు ప్రక్కనే గ్రౌండు రంధ్ర మొకటి యుండవలెను. ఇట్లు గీసినవాడు, చీలిక యున్నట్లే తలచి దారులన్నింటిని సరిహద్దున నడిపి, తుదకు చీలికను పూడ్చివేసినచో చాలును.

ఇచ్చట మఱల నామార్థముల చిక్కు ఒకటి వచ్చును. కన్వర్టరు చిప్పునకు ఏ-గ్రౌండు, డి-గ్రౌండు అని రెండు కాళ్లుండును. పేర్లను చూచి ఒకదానిని అనలాగు రేకునకు, రెండవదానిని డిజిటల్ రేకునకు తగిలింపవలెనని పలువురు తలతురు. ఆ పేర్లు చిప్పు లోపల ఆ కాలు ఏ భాగమునకు చెందినదో తెలుపును గాని, వెలుపల దేనికి తగిలింపవలెనో తెలుపవు. కన్వర్టరులను చేయుటలో పేరుమోసిన అనలాగ్ డివైసెస్ సంస్థవారును ఈ రెండు కాళ్లను ఒకే గ్రౌండు రేకునకు పొట్టిదారులతో కలుపుమనియే తమ బోధనాపత్రములలో చెప్పుచున్నారు. ఇంటిపేరు వేఱైనంతమాత్రమున వంట వేఱుకానక్కఱలేదు.

ఇక చిప్పుల ఆహారము మాట. డిజిటల్ చిప్పు ఒక్కొక్క తృటిలో గ్రుక్కెడు విద్యుత్తును ఆత్రముగ త్రాగును. చెఱువు ఊరికి దూరమున నున్నను ఇంటివాకిట తొట్టి నిండియున్నచో దాహమునకు లోటురాదు. అట్లే ప్రతి చిప్పు ప్రక్కను, కొద్ది మిల్లీమీటర్ల లోపల, 0.1 మైక్రోఫారడు కెపాసిటరు నొకదానిని ఉంచుదురు. ఆత్రపు ప్రవాహము ఆ తొట్టినుండి వచ్చి ఆ తొట్టికే చేరును, బోర్డంతట తిరుగదు. కెపాసిటరును దూరమున పెట్టి పొడుగు దారులతో కలిపినచో అది యున్నను లేనట్లే. విద్యుత్తు నందించు స్విచ్చింగు సప్లయి కూడ ఈ సూత్రమునకే లోబడినది. సెకనునకు లక్షలమాఱులు తెఱచి మూయు దాని చుట్టును చిన్నదిగ చేసి, అనలాగు మూలకు దూరముగ ఉంచవలెను. అంకెల దారి మొదట 33 ఓముల వంటి చిన్న నిరోధకమును పెట్టినచో నిటారు అంచులు కొంత వాలి రొద తగ్గును.

నా శిష్యుడు మూడవ బోర్డును ఈ క్రమమున గీసెను. రేకును చీల్చలేదు. ఆంప్లిఫయరును కన్వర్టరు చెంతకు చేర్చెను. అంకెల విద్యుత్తు దూరపు మూలను పుట్టి, దూరపు మూలనే తిరుగునట్లు చేసెను. విలువైన భాగమేదియు క్రొత్తగ కొనలేదు. అంకె నిలిచినది, రేడియో శాంతించినది.

అట్లయిన గ్రౌండును వేఱుచేయుట ఎన్నడును తగదా? తగుచోటు లున్నవి. రోగి శరీరమునకు తీగలు తగిలించు యంత్రములలోను, 230 వోల్టుల కరెంటును సూటిగ తాకు భాగములలోను ప్రాణరక్షణకై రెండు గ్రౌండులను పూర్తిగ వేఱుచేసి, నడుమ ట్రాన్స్‌ఫార్మరు ద్వారమునగాని వెలుగు ద్వారమునగాని సంకేతమును పంపుదురు. అది యథార్థమైన విభజన. వంతెన యుండదు, దాటు దారియు నుండదు. మెల్లని ధ్వనిసంకేతముల ఆంప్లిఫయరులలో తిరుగుదారులన్నింటిని వేఱువేఱుగ తెచ్చి ఒక్క చుక్కవద్ద కలుపుటయు ఉచితమే. ఏలయన మెల్లని ప్రవాహము నీడవలె నడువక అంతట వ్యాపించునది గదా.

ఈ సందర్భమున ఇంజనీరులు కాని శ్రోతలకును చెప్పవలసిన మాట యొకటి కలదు. మన గోడప్లగ్గులో మూడవ కొన, లావైనది, నిజముగ నేలకు పోవునది. ఇచ్చట ‘ఎర్తు’ అను మాటకు ముఖ్యార్థమే అర్థము, లక్షణ లేదు. పాటల పెట్టె గుఱ్ఱుమనుచున్నదని కొందఱు ఆ కొనను విఱిచివేయుదురు, చప్పుడు ఆగవచ్చును. కాని లోపలి తీగ యొకనాడు లోహపు పెట్టెకు తగిలినప్పుడు, ఆ విద్యుత్తునకు తిరుగుదారి యుండక, పెట్టెను ముట్టిన మనుష్యుడే దారియగును. కొన యున్నచో ఫ్యూజు పోవును. లేనిచో ప్రాణము పోవును. దయచేసి ఆ కొనను ఎన్నడును తీసివేయకుడు.

బోర్డులు గీయు యువకులకు ఒక అభ్యాసమును సూచించి ముగించెదను. పటము పూర్తియైన పిమ్మట దానిని కాగితముపై అచ్చువేసికొనుడు. ఒక్కొక్క సంకేతముపై వ్రేలుంచి, అది పోవుదారిని తుదవఱకు నడువుడు. అచ్చట ఆగకుడు, అది తిరిగివచ్చు దారిని కూడ వ్రేలితో నడిచి బయలుదేరినచోటికి చేరుడు. దారిలో చీలిక అడ్డువచ్చినదా? ఇంకొకరి ప్రవాహముతో ఇఱుకుదారిలో కలియవలసివచ్చినదా? చుట్టు అనవసరముగ పెరిగినదా? ఈ మూడు ప్రశ్నలకు లేదని ఉత్తరము వచ్చువఱకు బోర్డును చేయుటకు పంపకుడు. ఇందులకు పట్టునది ఒక్క సాయంకాలము. దానిని వెచ్చింపక చేసిన యంత్రము అంగటిలో చేరినచో, చెమటోడ్చి పండించిన రైతునకో, కూలిడబ్బుతో పప్పు కొనవచ్చిన తల్లికో పన్నెండు గ్రాములు ప్రతిదినము తఱుగును. వారు బోర్డును విప్పి చూడలేరు. ఆ అంకెను నమ్ముదురు. ఆ నమ్మకమునకు తగినట్లు గీయుట గీయువాని ధర్మము.